రెండు సీట్లు చాలు

మన వైపు ఒక ఆడమనిషి తన కోసం కారు కొనుక్కుంటానంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న "అందరం పడతామా?" అనే. ఆమె రోజూ ఎక్కడికి వెళ్తుంది, ఏ సందులో బండి తిప్పుకోవాలి, కాలు పెడల్‌కి సరిగ్గా అందుతుందా అన్నవి ఎప్పటికో గానీ మాటల్లోకి రావు. ముందు అత్తగారికి, మామగారికి, పిల్లలకి, పండక్కి వచ్చే ఆడపడుచుకి, ఆవిడ పిల్లలకి చోటుండాలి. మా వదిన విషయంలో ఆ ఆడపడుచుని నేనే. అందుకే గట్టిగా చెబుతున్నాను. సంక్రాంతికీ దసరాకీ వచ్చిపోయే నా కోసం మా వదిన ఏడాది పొడుగునా ఖాళీ సీట్లు మోసుకు తిరగక్కర్లేదు. తనకి కావలసింది రెండు సీట్ల కారు.

వదిన ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. బ్యాంకు ఉద్యోగం. ఇంట్లో అందరూ పట్టే పెద్ద కారు ఇప్పటికే ఉంది, పొద్దున్నే అన్నయ్య అందులో పని మీద వెళ్లిపోతాడు. వదిన స్కూటర్ మీద బ్యాంకుకి వెళ్తుంది. సాయంత్రం చిన్నదాన్ని ట్యూషన్‌లో దింపుతుంది, వస్తూ రైతు బజారులో కూరగాయలు తెస్తుంది, అప్పుడప్పుడు వాళ్లమ్మని కంటి డాక్టరుకి చూపించుకొస్తుంది. ఈ పనుల్లో ఒక్కదానికీ ఇద్దరికి మించి మనుషులు అక్కర్లేదు. మే నెల ఎండలో హెల్మెట్ లోపల తల ఉడికిపోతుంది. చున్నీ చక్రంలో పడకుండా నడుముకి బిగించి కట్టుకోవాలి. వానొస్తే ఏ షాపు చూరు కిందో నిలబడి, ఇంట్లో పిల్ల ఒక్కతే ఉందని టెన్షన్ పడాలి. ఇప్పుడు మోకాళ్లు కూడా మొరాయిస్తున్నాయి.

ఇన్నేళ్లుగా తను నడుపుతున్న స్కూటర్ కూడా రెండు సీట్ల బండే. దాన్ని కొనేటప్పుడు అందరం పడతామా అని ఇంట్లో ఎవరూ అడగలేదు. అదే బండికి ఒక పైకప్పు, రెండు తలుపులు, ఏసీ, సీటు బెల్టు వచ్చేసరికి మాత్రం ఊరంతా అందులో కూర్చోవాలని చూస్తుంది.

నాలుగు సీట్లున్న కారు ఎవరి డబ్బుతో కొన్నా, ఎవరి పేరున రిజిస్టర్ చేయించినా ఇంటి కారు అయిపోతుంది. మామగారి చెకప్‌కి కావాలి, మరిది పెళ్లిచూపులకి కావాలి, అన్నయ్య బండి సర్వీసింగ్‌కి వెళ్లిన రోజున సైటుకి కావాలి. అడిగేవాళ్లెవరూ పరాయివాళ్లు కారు, అడిగే కారణమూ తప్పుది కాదు. ఆమె కాదనలేదు. ఆ రోజు తాళం ఇచ్చేసి మళ్లీ స్కూటర్ తీస్తుంది. మా బంధువుల్లో తన పేరున కారున్న ఆడవాళ్లు చాలామంది ఇలాగే ఉన్నారు. ఇద్దరే పట్టే కారుని పెళ్లిచూపులకి ఎవరూ అడగరు. పొద్దున్న ఎక్కడ పెట్టిందో సాయంత్రం అక్కడే ఉంటుంది. రెండు సీట్ల కారులో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఇదే.

అన్నయ్య మాట వేరు. "ఇంకో రెండు లక్షలు వేసుకుంటే పెద్దదే వస్తుంది కదా, ఈ చిన్నది వదిలెయ్యండి" అంటాడు. మధ్యతరగతి ఇళ్లలో ఈ లెక్కకి చాలా బలం ఉంది. ఎప్పుడూ ఇంకో రెండు లక్షలకి ఇంకో అడుగు పొడుగు కారు ఉంటుంది. ఆ అడుగు ఏ రోడ్డు మీద పెట్టాలో మాత్రం లెక్కలో ఉండదు. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లూ అడ్డరోడ్లూ ఎలా ఉంటాయో గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. అడ్రసులే 4/14, 2/7 అని, అంటే నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డు అన్నట్టు రాసుకుంటాం. గీత గీసినట్టు తిన్నగా వేసిన వీధులు, కాకపోతే ఇన్ని కార్లు వస్తాయని వేసినవి కావు. శంకర్‌విలాస్ వంతెన పనులు మొదలయ్యాక అక్కడి ట్రాఫిక్ బరువు కూడా ఈ లైన్ల మీదా, కంకరగుంట మీదా, మూడు వంతెనలు అని పిలిచే చోటు మీదా పడింది.

కొలతలు చూడండి. హ్యుందాయ్ క్రెటా పొడవు 4,330 మిల్లీమీటర్లు. వ్యాగన్‌ఆర్ 3,655. ఆల్టో కె10 3,530. ఎంజీ కామెట్ అనే ఎలక్ట్రిక్ కారు 2,974, అంటే మూడు మీటర్లకి అంగుళం తక్కువ. కామెట్ టర్నింగ్ రేడియస్, అంటే బండి గుండ్రంగా తిరగడానికి పట్టే చోటులో సగం, 4.2 మీటర్లు, వ్యాగన్‌ఆర్‌ది 4.7. కాగితం మీద అర మీటరు తేడా చిన్నదిగానే కనిపిస్తుంది గానీ పూర్తిగా తిరిగేటప్పుడు అది మీటరు అవుతుంది.

షోరూం వాళ్లు టెస్ట్ డ్రైవ్‌కి ఇన్నర్ రింగ్ రోడ్డుకి వెళ్దామన్నారు. అక్కడ ఏ బండైనా హాయిగానే నడుస్తుంది. వదిన వద్దని, కామెట్‌ని తన వీధికే తెమ్మంది. సాయంత్రం ఆరున్నర. రోడ్డుకి రెండు పక్కలా బైకులు. ఒక ఇంటి గేటు ముందు కాలువ మీద వేసిన సిమెంటు ర్యాంపు రోడ్డు మీదికి చొచ్చుకొచ్చి ఉంది, దానికి నాలుగడుగుల అవతల కరెంటు స్తంభం. ఎదురుగా మంచినీళ్ల టిన్నుల ఆటో వచ్చి ఆగింది. దాని వెనక బైకులు ఆగిపోయాయి, అది వెనక్కి వెళ్లలేదు. వదిన రివర్స్ వేసి, ర్యాంపు దాటాక స్తంభం పక్కనున్న ఖాళీలోకి బండి వెనక భాగం దూర్చి, ఆటో పట్టేంత దారి ఇచ్చింది. ఆటో అతను చెయ్యెత్తి వెళ్లిపోయాడు. అన్నయ్య కారుతో అయితే అక్కణ్నుంచి అడ్డరోడ్డు దాకా వెనక్కే పోవాలి, చాలాసార్లు పోయాం కూడా.

అదే షోరూంలో నాకు కోపం తెప్పించిన సంగతి ఇంకొకటి. కొనేది వదిన, నడిపేది వదిన, ఈఎంఐ కట్టేది వదిన. సేల్స్ కుర్రాడు బ్యాటరీ, వారంటీ, మైలేజీ అంతా అన్నయ్యకి చెప్పి, వదిన వైపు తిరిగి "మేడమ్, మీకు ఏ కలర్ నచ్చింది?" అన్నాడు. కుర్రాడిది మర్యాద లేని తనం కాదు, అతనికి అలా నేర్పారు. ఆడవాళ్ల కారంటే రంగు అనే ఆలోచన ఇవాళ్టిది కాదు. 1955లో అమెరికాలో డాడ్జ్ కంపెనీ లా ఫెమ్ అని గులాబి రంగు కారు తెచ్చింది. దాంతో పాటు అదే రంగుకి జోడీగా చేతిసంచి, లిప్‌స్టిక్ డబ్బా, వానకోటు, గొడుగు ఇచ్చింది. సీటు, స్టీరింగ్, పెడల్స్ ఎప్పటివే. 1956 తర్వాత ఆ కారు ఆపేశారు. నడిపే మనిషి శరీరాన్ని పట్టించుకోకుండా రంగు మారిస్తే ఎవరు కొంటారు?

2004లో జెనీవా మోటార్ షోలో వోల్వో కంపెనీ వైసీసీ అనే నమూనా కారు చూపించింది. దాన్ని రూపొందించిన బృందాన్ని నడిపించింది ఆడవాళ్లే. మనిషి కొలతల్ని బట్టి సీటు, స్టీరింగ్, పెడల్స్ అమరేలా ఆలోచించారు. సీటు పైన తల ఆనించే తలగడ (హెడ్‌రెస్ట్) మధ్యలో జడ పట్టేలా సందు పెట్టారు. అది అమ్మకానికి రాలేదు గానీ, ఆ సందు గురించి చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. మన దగ్గర సగం మంది ఆడవాళ్లు కొప్పు ముడితోనో క్లిప్పుతోనో కారు నడుపుతారు. వెనక తలగడ ఆ ముడిని తోసి, తలని ముందుకి వంచేస్తుంది. అరగంటలో మెడ పట్టేస్తుంది. ఏ షోరూంలోనూ దీని గురించి ఎవరూ మాట్లాడరు.

సీటు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ప్రాణం అక్కడే ఉంది. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు ఐదడుగుల దగ్గర. కార్ల క్రాష్ టెస్టుల్లో దశాబ్దాలుగా వాడుతున్న ప్రధానమైన బొమ్మ దాదాపు 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువున్న మగవాడిది. చిన్న ఆడబొమ్మ ఒకటి ఉంది, అది మగబొమ్మని కుదించి చేసినది. సగటు స్త్రీ శరీరం ఆధారంగా తయారైన బొమ్మని స్వీడన్ పరిశోధకులు 2022లో గానీ చూపించలేదు. దీని ఫలితం అంకెల్లో కనపడుతుంది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, బెల్టు పెట్టుకున్నవాళ్లలోనే, ముందు నుంచి గుద్దుకున్న ప్రమాదాల్లో మగవాళ్ల కన్నా ఆడవాళ్లు తీవ్రంగా గాయపడే అవకాశం 73 శాతం ఎక్కువ.

పొట్టిగా ఉన్న మనిషి పెడల్ అందడం కోసం సీటు ముందుకి జరుపుకుంటుంది. జరుపుకుంటే ఛాతీ స్టీరింగ్‌కి దగ్గరవుతుంది. ఎయిర్‌బ్యాగ్ ఆ స్టీరింగ్‌లోంచే పేలుతుంది. ఛాతీ ఎముకకీ స్టీరింగ్ మధ్యభాగానికీ కనీసం పది అంగుళాలు ఉండాలని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ చెబుతుంది. షోరూంలో టేపు అడగక్కర్లేదు. చెయ్యి చాపితే జానెడు, దాని మీద రెండు మూడు వేళ్లు. వదిన ప్రతి కారులోనూ ఇలాగే కొలిచి చూసుకుంది. గేర్ల కారులో క్లచ్ పూర్తిగా, చివరిదాకా నొక్కాలి కాబట్టి ఇంకా ముందుకి రావలసి వచ్చింది, జానెడు కూడా మిగల్లేదు. క్లచ్ లేని బండిలో సీటు రెండు గాట్లు వెనక్కి వెళ్లింది. ఆటోమేటిక్ అంటే డ్రైవింగ్ సరిగ్గా రానివాళ్ల కోసం అనుకునేవాళ్లు ఈ కొలత ఒకసారి వేసి చూడాలి. మోకాలి నొప్పి సంగతి సరేసరి. లాడ్జి సెంటర్ దగ్గర సాయంత్రం అడుగు అడుగుకీ క్లచ్ తొక్కిన కాలు ఇంటికొచ్చాక మెట్లెక్కనివ్వదు.

ఇక ఎత్తు. డ్రైవర్ సీటు పైకి లేపుకునే లివర్ చాలా చిన్న కార్లలో కింది వేరియంట్‌కి ఉండదు, కొన్నింటికి ఏ వేరియంట్‌లోనూ ఉండదు. అప్పుడు అందరూ చేసేది సీటు మీద దిండు వేసుకోవడం. అది ప్రమాదం. గుద్దుకున్నప్పుడు దిండు జారిపోతుంది, మనిషి బెల్టు కిందికి జారుతుంది, తుంటి ఎముక మీద ఉండాల్సిన బెల్టు పొట్ట మీదికి ఎక్కుతుంది. చీర కట్టుకున్నప్పుడు కూడా బెల్టు కుచ్చిళ్ల మీద పైకి తేలకుండా కిందికి లాగి తుంటి మీద కూర్చునేలా చూసుకోవాలి. గర్భిణులైతే కింది బెల్టు కచ్చితంగా పొట్టకి దిగువనే ఉండాలి. పండగ ఆఫరు కింద సీటు కవర్లు, పర్ఫ్యూమ్ ఇస్తామన్న షోరూం వాళ్లకి "సీటు లేస్తుందా?" అని వదిన అడిగిన ప్రశ్నకి జవాబు వెతకడానికి పావుగంట పట్టింది.

ఇంతకీ అచ్చంగా రెండు సీట్ల కారు మన దగ్గర దొరుకుతుందా? బెంగళూరులో తయారైన రేవా 2001లో వచ్చింది. రెండు తలుపులు, ముందు ఇద్దరు పెద్దవాళ్లు, వెనక ఇద్దరు చిన్నపిల్లలు. అదే బండి జీ-విజ్ పేరుతో లండన్ వీధుల్లో తిరిగింది. 2010లో కంపెనీ మహీంద్రా చేతికి వెళ్లింది, 2013లో దాని వారసుడిగా వచ్చిన ఈ2ఓ నాలుగు సీట్లతో వచ్చింది. యూరప్‌లో 1998 నుంచి పాతికేళ్ల పాటు నడిచిన స్మార్ట్ ఫోర్‌టూ ఇద్దరికే. ఫ్రాన్స్‌లో 2020లో వచ్చిన సిట్రోయెన్ ఆమి 2.41 మీటర్లే, వేగం గంటకి 45 కిలోమీటర్లు. మన నానో 3.1 మీటర్ల కారు, 2009 నుంచి 2018 దాకా ఉంది. చవక కారు అన్న ముద్ర దాన్ని దెబ్బతీసిందని రతన్ టాటాయే తర్వాత అన్నారు. లేడీస్ కారు అన్న ముద్రా అలాంటి దెబ్బే తీస్తుందని నా అభిప్రాయం.

ఇంత చిన్న కార్లు ఇక్కడ నిలబడకపోవడానికి పన్ను ఒక పెద్ద కారణం. 2006 బడ్జెట్ నుంచి మన దేశంలో చిన్న కారంటే నాలుగు మీటర్ల లోపు కారు. పెట్రోలు అయితే ఇంజిన్ 1,200 సీసీ దాటకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ 18 శాతం. కానీ మూడు మీటర్ల పెట్రోలు కారుకీ 3.99 మీటర్ల కారుకీ పన్ను ఒకటే. అలాంటప్పుడు ఏ కంపెనీ అయినా మూడు దగ్గర ఎందుకు ఆగుతుంది? జపాన్‌లో 3.4 మీటర్ల పొడవు, 1.48 మీటర్ల వెడల్పు, 660 సీసీ దాటని కార్లకి కేయి అని విడిగా ఒక తరగతి పెట్టి, పన్నుల్లో రాయితీలు ఇచ్చారు. అందుకే అక్కడి ఇరుకు వీధులకి తగిన కార్లు కుప్పలు తెప్పలుగా పుట్టాయి. మన దగ్గర అంత చిన్న బండికి పన్నులో లాభం ఉన్నది ఎలక్ట్రిక్ అయినప్పుడే. దాని మీద జీఎస్టీ 5 శాతం.

కాబట్టి వదిన చేతికి అందే దూరంలో ఉన్నది కామెట్. దానికి నాలుగు సీట్లున్నాయి, తలుపులు రెండే. వెనక సీట్లు ఎత్తి ఉంటే సామాను పెట్టుకోవడానికి దాదాపు చోటు లేదు. వాటిని మడిచేస్తే ఇద్దరు మనుషులు, పాతిక కిలోల బియ్యం బస్తా, కూరగాయల సంచులు హాయిగా పడతాయి. నా సలహా ఏంటంటే కొన్న రోజునే వెనక సీట్లు మడిచేసి, అలాగే ఉంచేయమని. బండి ఎత్తు 1,640 మిల్లీమీటర్లు ఉండటంతో వంగి దిగబడాల్సిన పని లేదు, మోకాళ్ల నొప్పులవాళ్లకి అది వరం. లోపాలూ ఉన్నాయి. రెండే తలుపులు కాబట్టి ఒక్కోటీ పొడుగు, అపార్టుమెంట్ కింద పక్క కారుకి ఆనించి పెడితే తలుపు పూర్తిగా తెరుచుకోదు. స్టెప్నీ లేదు, పంక్చర్ కిట్ ఇస్తారు. ఎయిర్‌బ్యాగులు ముందు రెండే. 2025లో మారుతీ వాళ్లు ఆల్టో కె10 లాంటి చవక కార్లలో కూడా అన్ని వేరియంట్లకీ ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టారు. ఆ పోలికలో కామెట్ వెనకబడింది, దాన్ని నేను దాచను.

"లారీ గుద్దితే ఏం మిగుల్తుంది?" అని అన్నయ్య అడిగాడు. న్యాయమైన ప్రశ్న. తేలిక బండి, బరువు బండి గుద్దుకుంటే దెబ్బ తేలిక బండికే ఎక్కువ, అందులో వాదించడానికేమీ లేదు. అందుకే సిటీ కారుని సిటీలోనే వాడాలి. చిలకలూరిపేట వైపు హైవే మీద లారీల మధ్యకి దాన్ని తీసుకెళ్లకూడదు. విజయవాడ వెళ్లాలంటే బస్సులున్నాయి, రైళ్లున్నాయి, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. కుటుంబమంతా వెళ్లాలంటే అన్నయ్య కారు ఉంది. వీధుల్లో ముప్ఫై, నలభై వేగంతో తిరిగే బండిని స్కూటర్‌తో పోల్చి చూడాలి, ఎస్‌యూవీతో కాదు. ఇవాళ వదిన చుట్టూ ఒక్క రేకు ముక్క కూడా లేదు.

ఛార్జింగ్ సంగతి తేలికే. బ్యాటరీ 17.3 యూనిట్లది. 3.3 కిలోవాట్ల ఛార్జర్‌తో పూర్తిగా నిండటానికి ఏడు గంటలు, అంటే రాత్రి పెడితే పొద్దున్నకి సిద్ధం. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా, మధ్యలో పోయే కరెంటుతో కలిపి రెండు వందలు దాటదు. కంపెనీ చెప్పే 230 కిలోమీటర్లలో, ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లు మూడింట రెండొంతులు లెక్కేసుకోవాలి. అయినా వదినకి వారంలో రెండుసార్లు పెడితే చాలు. వానాకాలంలో మూడు వంతెనల కింద నీళ్లు నిలిస్తే మాత్రం బండి చిన్నదైనా పెద్దదైనా ఆగిపోవాల్సిందే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. పెట్రోలు కారు కొనేవాళ్లు ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్, ఎలక్ట్రిక్ కొనేవాళ్లు బ్యాటరీకి నీటి నష్టం కవర్ అవుతుందో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

కింద పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ దొరక్కపోతే నా ఓటు ఆటోమేటిక్ గేర్ల చిన్న పెట్రోలు కారుకి, ఆల్టో కె10 లాంటి దానికి. అప్పుడు కూడా వెనక సీటు మడిచి, ఇద్దరి బండిలాగే వాడుకోవాలి.

బుకింగ్ ఫారం మీద ఓనరు పేరు దగ్గర కుర్రాడు అలవాటుగా అన్నయ్య పేరు మొదలుపెట్టాడు. వదిన ఆపి తన పేరు రాయించింది. ఇప్పుడు మిగిలింది పదిహేను ఆంప్స్ పాయింట్. దానికి అసోసియేషన్ ఒప్పుకోవాలి. సెక్రటరీ గారికి కాగితం ఇచ్చాం, సబ్‌మీటర్ ఖర్చూ వైరింగ్ ఖర్చూ తనే పెట్టుకుంటానని వదిన అందులో రాసింది. పై అంతస్తుల్లో ఉండే ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా అదే కాగితం మీద సంతకం చేశారు.